చెత్తబుట్టలో పద్నాలుగు ప్రకరణాలు

నిడదవోలు స్టేషనుకి వెళ్ళే రోడ్డులో, మందుల షాపు పక్క సందులోకి తిరిగితే మూడో గది సూర్యకళది. బయట బోర్డు మీద ‘డి.టి.పి., జిరాక్సు, లామినేషన్’ అని ఉంటుంది. ఆ అక్షరాలు ఆవిడ స్వయంగా కంపోజు చేసి, తణుకులో ఫ్లెక్సీ వేయించి తెచ్చుకున్నవే. మూడు మాటల మధ్య ఖాళీలో వెంట్రుకవాసి తేడా ఉండదు. ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ గమనించలేదు. గమనించకపోయినా ఆవిడకి ఫర్వాలేదు. వంకర ఉంటే మాత్రం రోజూ తాళం తీసేటప్పుడు ఆవిడ కంటికే గుచ్చుకునేది.

ఆవిడకి యాభై నాలుగేళ్ళు. పంతొమ్మిదో ఏట టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరి తెలుగు లోయరు, హయ్యరు పాసయింది. ఇన్‌స్టిట్యూట్ మూతపడి, మిషన్లు పాత ఇనుముకి పోయిన రోజుల్లో ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు కొనుక్కుని, తెలుగు కీబోర్డు పటం జిరాక్సు తీయించి గోడకి అంటించుకుని, తనంతట తనే నేర్చుకుంది. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. టైపు మిషను మీద ఏ వేలు ఎక్కడికి పోయేదో కంప్యూటర్లో పెట్టుకున్న పాతరకం తెలుగు ఫాంటులోనూ అక్కడికే పోతుంది గనక వేళ్ళకి కొత్తగా నేర్పాల్సింది తక్కువే. ఆ తరవాత పాతికేళ్ళలో ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళూ, పెద్దకార్యాలూ సగానికి సగం ఆవిడ వేళ్ళ కింద నుంచే వెళ్ళాయి. ఇప్పుడు శుభలేఖలు ఫోన్లలో పంపుకుంటున్నారు. ఆధార్ జిరాక్సులూ, బ్యాంకు ఫారాలూ, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులూ మిగిలాయి.

పెళ్ళి కాలేదు. వద్దని ఆవిడా అనలేదు, ఇంట్లోవాళ్ళూ అనలేదు. నాన్న మంచాన పడ్డ ఆరేళ్ళూ, ఆ వెనకే అమ్మ మంచాన పడ్డ నాలుగేళ్ళూ గడిచేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళు లేకుండా పోయారు. తమ్ముడు ఉదయభాస్కర్ సంసారం తణుకులో. ఈవిడ వంటా పడకా షాపు వెనక గదిలోనే. శనివారం సాయంత్రం షట్టరు దించితే సోమవారం పొద్దున మళ్ళీ ఎత్తేదాకా ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు. స్టేషన్లో మైకు మాత్రం వచ్చే బళ్ళ గురించీ పోయే బళ్ళ గురించీ చెబుతూనే ఉంటుంది. సోమవారం మొదటి గిరాకీని “ఎన్ని కాపీలండీ?” అని అడిగేటప్పుడు గొంతు బొంగురుగా వచ్చేది. జలుబనుకునేవాళ్ళు.

అలాంటి షాపులోకి ఏడాదిన్నర కింద ఒక గురువారం పొద్దున అచ్చిబాబు గారు వచ్చారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. ఉండేది సమిశ్రగూడెం. గోళ్ళ చుట్టూ నలుపు, ఏ సబ్బుకీ లొంగనిది. యాభై ఏళ్ళు ఆయిలింజన్లు బాగు చేశారు. చేలకి నీళ్ళు తోడినవీ, పిండిమరలు తిప్పినవీ, లంకల మధ్య పడవలు నడిపినవీ.

“పుస్తకం రాయించాలమ్మా,” అన్నారు నిలబడే. “నాకు రాత సరిగా రాదు. నోటితో చెబుతాను. మీరు కొట్టాలి.”

“ఏం పుస్తకమండీ?”

“ఇంజను పుస్తకం.”

సూర్యకళ నవ్వు ఆపుకుంది. “ఇప్పుడు ఇంజన్లెక్కడున్నాయండీ? అన్నీ కరెంటు మోటార్లే కదా.”

“కరెంటు పోతేనో? భీమవరం అవతల రొయ్యల చెరువుల మీదకి వెళ్ళి చూడండి. నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోతే ఇంక రొయ్య బతకదు. అప్పుడు షెడ్డులోంచి మావాడినే బయటకి లాగుతారు. అది స్టార్టవదు. నాకు ఫోను చేస్తారు. నేనెన్నాళ్ళని ఫోన్లెత్తుతానమ్మా?”

శ్రీనివాసరాజు గారనే చెరువుల ఆసామి, పుస్తకం తయారైతే అచ్చు వేయించి షెడ్డుకొకటి పెట్టిస్తానని ఆయనకి మాటిచ్చారట.

అలా గురువారాలు మొదలయ్యాయి. ఆయన పదింటికి షేర్ ఆటోలో దిగేవారు. స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఎదురుగా ఇంజను ఉన్నట్టే చెప్పేవారు. చెబుతుంటే చేతులు గాల్లో నట్లు తిప్పేవి. రెండు గంటలు చెప్పి, టీ తాగి వెళ్ళిపోయేవారు. ఊరి కబుర్లు లేవు, ఇంటి కబుర్లు లేవు.

“ఇక్కడ ‘జాగ్రత్తగా విప్పాలి’ అని పెట్టనాండీ?” అని సూర్యకళ మొదట్లో ఒకసారి అడిగింది.

“జాగ్రత్తగా అంటే ఎలాగో చెప్పాలి గానీ, ఆ మాట పెట్టి లాభమేంటమ్మా? ఎడం చేత్తో కింద నుంచి పట్టుకోమని రాయండి.”

ఆ రోజునుంచి ఆయన మీద ఆవిడకి గౌరవం కుదిరింది. ఒక మాట ఎక్కువ చెప్పరు. తక్కువా చెప్పరు. అయితే కొన్నిసార్లు ఆవిడ ఏదైనా అడిగితే వినిపించుకోనట్టు ఊరుకునేవారు. పెద్దమనిషి, అడ్డు తగలడం ఇష్టం లేదేమో అనుకుని ఆవిడ కూడా ఊరుకునేది.

“ఒక్కో ప్రకరణం ప్రింటు తీసి ఇవ్వనాండీ, చూసుకుంటారు?” అంటే అదీ వద్దన్నారు.

“ఇంజను విప్పి, పార్టులన్నీ గోనెపట్టా మీద పరిచి, మొత్తం బిగించాక కదమ్మా స్టార్టు కొట్టేది. బోల్టు బోల్టుకీ కొడతామేంటి? మొత్తం అయ్యాక ఒకేసారి చూస్తాను.”

అందుకని కాగితం మీద ఒక్క పేజీ కూడా లేదు. ఉన్నదంతా కంప్యూటర్లోనే.

బుధవారం సాయంత్రానికే మిగతా పనులు తెముల్చుకోవడం, గురువారం పొద్దున తొమ్మిదిన్నరకే కొత్త ఫైలు తెరిచి ఉంచుకోవడం ఆవిడకి ఎప్పుడు అలవాటయిందో తెలియదు. వారంలో ఆ ఒక్క రోజే ఒక మనిషి పనిగట్టుకుని ఆవిడ కోసం వచ్చేవాడు. జిరాక్సు కోసం వచ్చేవాళ్ళు మిషను కోసం వస్తారు.

పద్నాలుగు ప్రకరణాలు అయ్యాయి. ఇంకొక్కటి చెబితే పుస్తకం పూర్తి. సరిగ్గా అప్పుడే పాత కంప్యూటరు మొరాయించింది.

తమ్ముడి కూతురు హేమశ్రీ విశాఖపట్నంలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తోంది. రెండు రోజులు సెలవు పెట్టుకుని వచ్చి, కొత్త కంప్యూటరు కొనిపించి, ఫైళ్ళన్నీ అందులోకి ఎక్కించింది.

“అత్తా, ఇంక పెన్‌డ్రైవులూ సీడీలూ కట్టిపెట్టు. నీ ఫైళ్ళన్నీ క్లౌడ్‌లో ఉంటాయి. ఈ కంప్యూటరు కాలిపోయినా అవి పోవు.”

“మబ్బులో పెడితే వానకి తడవవుటే?”

“వానకి తడవవు గానీ నువ్వు కెలికితే పోతాయి. ఇదిగో, ఫోన్లో కూడా కనిపిస్తాయి. చూడ్డం వరకే. కెలక్కు.”

“నాకా చెబుతున్నావు! నీకు టైపు నేర్పిందెవరే?”

“నువ్వే తల్లీ. అందుకే భయం.”

హేమశ్రీ వెళ్ళిపోయింది. పాత కంప్యూటరు పాత సామాన్లవాడికి పోయింది. ఎన్నాళ్ళుగానో నకళ్ళు దాచుకున్న పెన్‌డ్రైవుని, ఇంక అవసరం లేదన్నారు కదా అని, ఖాళీ చేసి ఒక పెళ్ళివారి ఫొటోలకి వాడేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, ఏమీ తోచక, సూర్యకళ ఫోన్లో ఆ ఫైళ్ళు తెరిచింది. మొదటి ప్రకరణం ఒకసారి చదువుకుందామని. తెర మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలూ, డాలరు గుర్తులూ, నెత్తి మీద చుక్కలున్న ఏ దేశపు అక్షరాలో వరసలు వరసలుగా ఉన్నాయి. రెండో ప్రకరణం తెరిచింది. అదీ అంతే. పద్నాలుగూ అంతే.

ఆవిడకి తెలియని సంగతి కాదు. ఆ పాత ఫాంటులో కొట్టినప్పుడు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. ఫాంటు వాటికి తెలుగు చొక్కా తొడుగుతుంది. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే చొక్కా ఊడిపోయి పిచ్చి గీతలు కనిపిస్తాయి. తణుకు ప్రెస్సువాళ్ళకి ఈ మాట ఆవిడే వందసార్లు చెప్పింది. కానీ ఫోను తెలుగు వచ్చిన ఫోను. అందులో మెసేజీలు తెలుగులో వస్తాయి, వార్తలు తెలుగులో వస్తాయి, తను పంపిన శుభలేఖలు బొమ్మలుగా వెళ్ళి చక్కగా తెలుగులోనే తెరుచుకుంటాయి. తెలుగు తెలిసిన ఫోన్లో తెలుగు కనిపించలేదంటే తప్పు ఫోనుది కాదు, ఫైళ్ళు పైకి వెళ్ళేటప్పుడే దారిలో చెడిపోయాయి అనుకుంది. పాతికేళ్ళ అనుభవమే ఆవిడని ఆ మాట నమ్మేలా చేసింది.

చెడిపోయినవి అక్కడ ఉంచడమెందుకు? తీసేసి, రేపు కంప్యూటర్లో ఉన్న మంచివి మళ్ళీ పైకి పంపిస్తే సరి. ఒక్కొక్కటే నొక్కి పట్టుకుని, పద్నాలుగూ తీసేసింది. చేతికంటిన మసి కడుక్కున్నంత తృప్తిగా అనిపించింది.

సోమవారం పొద్దున కంప్యూటరు తెరిస్తే ఆ ఫోల్డరులో ఏమీ లేదు.

కంప్యూటర్లో ఉండే చెత్తబుట్ట తెరిచి చూసింది. ఖాళీ. ఫైళ్ళ పేర్లతో వెతికింది. లేవు. అప్పుడు మెల్లగా అర్థమైంది. ఇక్కడొకటీ అక్కడొకటీ అని రెండేసి లేవు. ఉన్నది ఒక్కటే. ఫోనూ, కంప్యూటరూ రెండు కిటికీలు. ఏ కిటికీలోంచి చెయ్యి పెట్టి తీసినా బీరువాలో వస్తువు పోతుంది. ఫైళ్ళు చెడిపోనూ లేదు, ఫోన్లో ఆ ఫాంటు లేదంతే.

హేమశ్రీకి ఫోను చేద్దామని నంబరు దాకా వెళ్ళి ఆగిపోయింది. ‘కెలక్కు’ అని చెప్పి వెళ్ళింది. ఆ పిల్లకి టైపు నేర్పినది తను. పోయినవి ఎలాగూ పోయాయి, పైగా ఆ పిల్ల చేత అనిపించుకోవడమెందుకని ఫోను పక్కన పెట్టేసింది.

గురువారం అచ్చిబాబు గారు వచ్చి కూర్చుని, కళ్ళు మూసుకోబోతుంటే చెప్పింది.

“అన్నీనా?” అన్నారాయన.

“అన్నీనండి. పద్నాలుగూ. నా చేతులారా తీసేశాను.”

ఆయన గోళ్ళకేసి చూసుకున్నారు. “ఒకసారి లంకలోంచి ఇంజను విప్పి పడవలో వేసుకొస్తున్నామమ్మా. పడవ ఒరిగిపోయింది. పార్టులన్నీ గోదారిలో పడ్డాయి. ఆసామి గట్టు మీద నిలబడి నన్ను నానా తిట్లూ తిట్టాడు. తిట్టి తిట్టి అలిసిపోయి కొత్తవి తెప్పించాడు. మళ్ళీ బిగించాం.”

“మీరు నన్ను తిట్టలేదు కదండీ.”

“తిడితే వచ్చేస్తాయా? వచ్చే వారం మొదటినించీ మొదలెడదాం.”

ఆయన వెళ్ళాక సూర్యకళ వెనక గదిలోకి వెళ్ళి ఏడ్చింది. సిగ్గుతోనే ఏడ్చింది. కానీ ఆ సిగ్గు అడుగున ఇంకేదో ఉంది. ఒక్క ప్రకరణంలో అయిపోవలసిన గురువారాలు మళ్ళీ మొదటికి వచ్చాయి. ఆ మాటకేసి ఆవిడ సూటిగా చూడలేదు. మొహం కడుక్కుని వచ్చి ఎవరిదో ఆధార్ కార్డు లామినేషను చేసింది.

తరవాతి రెండు గురువారాలు మొదటి ప్రకరణం మళ్ళీ చెప్పారు. ఈసారి తీరు కొంచెం మారింది. ఇదివరకు పుస్తకం కోసం చెప్పేవారు, ఇప్పుడు ఆవిడకి చెబుతున్నట్టు చెప్పారు. మధ్యలో ఆగి, “అర్థమవుతోందా?” అని కళ్ళు తెరిచి చూసేవారు. ఒకసారి, “ఇన్నాళ్ళూ కొట్టారు కదా, ఈసారి ఇంజను మీరే విప్పేట్టున్నారు,” అన్నారు. ఆవిడ నవ్వింది. ఆ గదిలో తన నవ్వు తనకే కొత్తగా వినబడింది.

రెండో గురువారం అయిన మర్నాడు హేమశ్రీ ఫోను చేసింది.

“అత్తా, నీ క్లౌడ్ నిండిపోతోందని నాకు మెయిలొచ్చింది. ఏం కుక్కావే అందులో?”

“ఎవరివో పెళ్ళి ఫొటోలు.”

“ట్రాష్‌లో కూడా ఏవో ఉన్నట్టున్నాయి. అవీ లెక్కలోకే వస్తాయి. ఖాళీ చేసెయ్యనా?”

“ట్రాష్ ఏంటి? బుట్ట ఖాళీగానే ఉందే, నేను చూశాను.”

“అది కంప్యూటరు బుట్ట. నువ్వు ఫోన్లో తీసేస్తే క్లౌడ్ బుట్టలోకి పోతాయి. ఆ బుట్ట వేరు. ముప్ఫై రోజులుంచి, తరవాత అదే పారేస్తుంది. చేసెయ్యనా ఖాళీ?”

“వద్దు!” అని అరిచింది సూర్యకళ. అవతల హేమశ్రీ బిత్తరపోయినట్టుంది. “వద్దులేవే. నేను చూసుకుంటాను. ఎలా తెరవాలో చెప్పు.”

చెప్పింది. తెరిచింది. పద్నాలుగూ వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని పక్కనా తీసేసిన తేదీ ఉంది. ఇంకా పదకొండు రోజులు ఉంటాయని రాసి ఉంది. పైన ‘రీస్టోర్’ అనే మాట ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు.

చెయ్యి మౌసు మీద ఉంది. అప్పుడే ఎవరో పట్టాదారు పాసు పుస్తకం జిరాక్సు కోసం వచ్చారు. రెండేసి కాపీలు తీసి ఇచ్చింది. తిరిగొచ్చి కూర్చుంది. నొక్కలేదు.

నొక్కితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఆయన ఇంకొక్క గురువారం వస్తారు. ఆఖరి ప్రకరణం చెబుతారు. కాగితాలు తీసుకుని, నమస్కారం పెట్టి, షేర్ ఆటో ఎక్కుతారు. నొక్కకపోతే మరో ఏడాదిన్నర. ఎవరికీ తెలియదు. ఎవరినీ మోసం చేసినట్టు కూడా కాదు, పోయినవి పోయాయని ఆయన ఎప్పుడో ఒప్పుకున్నారు. పైగా ఈసారి ఇంకా బాగా చెబుతున్నారు. తను చేయవలసింది ఏమీ లేదు. ఊరుకుంటే చాలు, ఆ బుట్ట దానంతట అదే పారేస్తుంది. ఆవిడ రోజూ ఒకసారి తెరిచి చూసేది. పదకొండు పది అయింది. పది తొమ్మిదయింది.

గురువారం వచ్చేసరికి అయిదు మిగిలాయి. ఆయన వచ్చారు. ఆవిడ ఏమీ చెప్పకుండా కొత్త ఫైలు తెరిచింది.

ఆ రోజు ఇంజను లోపల చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడం గురించి. నడుస్తున్న ఇంజనుకి పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే ఏ బేరింగు కొడుతోందో తెలుస్తుందని మొదటిసారీ చెప్పారు. ఈసారి అక్కడ ఆగారు.

“చెవికి అని రాశారా?”

“రాశానండి.”

“నేను చెవికి పెట్టి ఇరవై ఏళ్ళయిందమ్మా. ఇంజన్ల మధ్య ఉండి ఉండి చెవులు సగం పోయాయి. ఎవరికీ చెప్పలేదు. చెవిటి మెకానిక్‌ని ఎవడు పిలుస్తాడు? పళ్ళతో వినేవాడిని. పిడిని ముందు పళ్ళ మధ్య గట్టిగా కరిచి పట్టుకుంటే చప్పుడు దవడ ఎముకలోంచి నేరుగా తలలోకి వస్తుంది. చెవికంటే బాగా తెలుస్తుంది. పిస్టను పిన్ను కొడితే పంటికి చురుగ్గా తగులుతుంది. పెద్ద బేరింగు కొడితే మెత్తగా, దవడ కింద తగులుతుంది. అందరూ నేను నోట్లో ఊరికే పెట్టుకున్నాననుకునేవారు.”

సూర్యకళ వేళ్ళు కొడుతూనే ఉన్నాయి. తను అడిగినప్పుడల్లా ఆయన ఎందుకు పలకలేదో అప్పుడు తెలిసింది. ఏడాదిన్నర పాటు ఇద్దరూ ఒక గదిలో కూర్చున్నారు. ఆవిడ మాట్లాడినవాటిలో సగం ఆయన దాకా వెళ్ళనే లేదు.

ఆ తరవాత వాల్వుల దగ్గరకి వచ్చారు. వాల్వుకీ దాని నెత్తిన కొట్టే రాకరుకీ మధ్య ఎంత సందు ఉండాలి అన్నది. “కొలిచే గేజి లేకపోతే పోస్టుకార్డు పెట్టి చూసుకోండి. రెండు కార్డులు కలిపి దూరి, కొంచెం పట్టి రావాలి.”

ఆవిడ వేళ్ళు ‘రెండు’ దగ్గర ఆగాయి. ఈ వాక్యం ఆవిడ ఇదివరకు కొట్టింది. అందులో ఒకటి. ‘ఒక్క కార్డు. రెండు పెట్టేవాడు ఇంజనుని చంపుతాడు’ అని కొట్టినట్టు బాగా గుర్తు.

“ఒకటి కదండీ?” అంది. ఆయన పలకలేదు. ఇప్పుడు ఆవిడకి తెలుసు. లేచి బల్ల చుట్టూ తిరిగి ఆయన ఎదుటికి వెళ్ళి నిలబడి, “మేస్త్రి గారూ, ఒక్క కార్డు కదండీ?” అని గట్టిగా అడిగింది.

“రెండు.”

“మొదటిసారి ఒకటన్నారండి.”

“అని ఉండను. యాభై ఏళ్ళు చేశానమ్మా నేను. మీరు ఎక్కడో తప్పు విన్నారు. ఉంటే చూపించండి, ఒప్పుకుంటాను. ఏదీ, ఉందా?”

ఆవిడ తిరిగి వచ్చి కూర్చుని ‘రెండు’ అని కొట్టింది. ఆయన టీ తాగి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం వంట చేసుకోలేదు. చెరువు గట్టు మీద కరెంటు పోయినప్పుడు, ఎవడో ఈ పుస్తకం తెరిచి, రెండు కార్డులు పెట్టి బిగిస్తాడు. సందు ఎక్కువై వాల్వులు టకటకా కొట్టుకుంటాయి. ఆ చప్పుడేంటో తెలియక ఇంకేదో విప్పుతాడు. పుస్తకం మీద అచ్చిబాబు గారి పేరుంటుంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి ఒకసారి సరిగ్గా చెప్పారు. రెండోసారి అదే సరిగ్గా చెప్పలేకపోయారు. మూడోసారి ఇంకేం పోతుందో. ఆయన రుజువు అడిగారు. అది ఆ బుట్టలో ఉంది.

శుక్రవారం పొద్దున షట్టరు పైకెత్తి, దీపం కూడా పెట్టుకోకుండా, కూర్చుని నొక్కింది. ఒక్కొక్కటే ఫోల్డరులోకి తిరిగొచ్చాయి. మళ్ళీ కొట్టిన వాటికీ పాత పేర్లే పెట్టింది గనక, ఒకే పేరు మీద రెండేసి నిలబడి, ఒకదాని వెనక బ్రాకెట్లో ఒకటి అని అంకె పడింది. ఏది ముందుదో ఏది వెనకదో తేదీలు చూసి విడదీసి, పేర్లు మార్చింది. తరవాత వాల్వుల ప్రకరణం తెరిచింది. తెర మీద తెలుగు నిలబడింది. ‘ఒక్క కార్డు.’

హేమశ్రీకి ఫోను చేసి జరిగిందంతా చెప్పింది. ఆ పిల్ల వెటకారం చెయ్యలేదు. ఆ ఫాంటుని పీడీఎఫ్‌లో ఇమిడ్చి దాచుకుంటే ఎక్కడైనా తెలుగే కనిపిస్తుందనీ, నకలు అంటే రెండో చోట ఉండాలి గానీ రెండో కిటికీలో కాదనీ చెప్పింది. సూర్యకళ కాగితం మీద రాసుకుంది. కొత్త పెన్‌డ్రైవు కొనుక్కుంది. నూట ముప్ఫై రెండు పేజీలు ప్రింటు తీసి, అంచులు సమంగా తట్టి, దారంతో కట్టింది.

గురువారం ఆ కట్ట బల్ల మీద పెట్టింది. ఆయన పై కాగితం చదివి, తల ఎత్తి చూశారు.

“ఎప్పుడు దొరికాయి?”

నిన్ననే అని చెప్పవచ్చు. “పోయిన వారానికి ముందు శుక్రవారమండి,” అంది ఆయన మొహానికేసి, గట్టిగా.

ఆయన మనసులో వారాలు లెక్క వేసుకున్నారు. “అంటే పోయిన గురువారానికి మీకు తెలుసు.”

“తెలుసండి.”

“తెలిసే నా చేత చెప్పించారు.”

“చెప్పించానండి.”

“ఎందుకు?”

“అయిపోతే మీరు రావడం మానేస్తారని,” అంది. ఆ మాట మాత్రం గట్టిగా రాలేదు. ఆయన విన్నారో లేదో తెలియదు. రెండోసారి చెప్పే ధైర్యం ఆవిడకి లేకపోయింది. ఆయన కట్ట చంకలో పెట్టుకుని లేచారు. టీ వచ్చేదాకా ఆగలేదు.

మరుసటి గురువారం రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. ఆవిడ కొత్త ఫైలు తెరవడం మానేసింది.

మూడో వారం, గురువారం కాదు, సోమవారం, ప్రేమ్ కుమార్ అనే ఆటో అతను బట్టల షాపు సంచి ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. “సమిశ్రగూడెం పెద్దాయన ఇమ్మన్నారండి. ఏదైనా చెప్పాలాండీ?”

“ఏం లేదండి. అందిందని చెప్పండి,” అంది. గొంతు బొంగురుగా వచ్చింది.

సంచిలో కట్ట ఉంది. దానితోపాటు ఒక నోటుపుస్తకంలో పదిహేనో ప్రకరణం, వాళ్ళ కోడలి చేతిరాత కాబోలు, గుండ్రంగా ఉంది. ఆయన ఇంక రానక్కర్లేదు. ఉత్తరమేమీ లేదు. సూర్యకళ మొదటి పేజీ నుంచి తిప్పుకుంటూ వెళ్ళింది. పెన్సిలుతో దిద్దుబాట్లు, వంకర అక్షరాలు, ఒక్కోచోట ఒక్కో మాట. వాల్వుల దగ్గర ‘ఒక్క కార్డు’ కింద రెండు గీతలు గీసి, పక్కన ‘ఇదే రైటు’ అని ఉంది. చప్పుడు కనిపెట్టే ప్రకరణం మొత్తం మీద అడ్డంగా ఒక గీత కొట్టి ఉంది. అంచున రాశారు: ‘ఇది తీసెయ్యండి. ఆ రోజు చెప్పింది పెట్టండి. పళ్ళ సంగతి కూడా.’

ఆ మాటలు ఆవిడ రెండుసార్లు చదివింది. వేరే ఏమైనా ఉందేమోనని కాగితం వెనక్కి తిప్పి చూసింది. తెల్లగా ఉంది.

ఆ రోజు చెప్పించిన ఫైలు తెరిచింది. అందులోంచి వాల్వుల భాగం, రెండు కార్డుల వాక్యంతో సహా, తీసేసింది. మిగతాది ఉన్నదున్నట్టు తెచ్చి, గీత కొట్టిన చోట పెట్టింది. పళ్ళ సంగతి వల్ల ఆ ప్రకరణం పేజీన్నర పెరిగింది. అక్కడినుంచి చివరిదాకా అన్ని పేజీల అంకెలూ జరిగాయి. విషయసూచిక మళ్ళీ చెయ్యాలి. సందులో ఎండ తగ్గేదాకా కూర్చుని, ఒక్కొక్క అంకే సరిచూసుకుంటూ, చేసింది.